ఒకే వార్డులో పక్క మంచం

సిసిలీ ద్వీపంలో సముద్రం ఒడ్డున సిరాక్యూస్ అని ఒక పట్నం ఉంది. రెండు వేల ఏళ్లకు ముందు మాట. కానియస్ అనే రోమన్ పెద్దమనిషి పనులన్నీ పక్కన పెట్టి నాలుగు రోజులు విశ్రాంతిగా గడుపుదామని అక్కడికి వెళ్లాడు. చదువుకున్నవాడు, నలుగురిలో సరదాగా మాట్లాడేవాడు. ఊరు బాగా నచ్చింది. ఇక్కడ చిన్న తోట ఏదైనా అమ్మకానికి వస్తే కొనుక్కుంటానని కనబడినవాళ్లందరికీ చెప్పాడు. ఆ మాట పితియస్ అనే వడ్డీ వ్యాపారి చెవిన పడింది. నా తోట అమ్మేది కాదుగానీ మీదే అనుకోండి, రేపు భోజనానికి రండి అని పిలిచాడు. పిలిచి ఊరుకోలేదు. ఊళ్లో జాలర్లందరినీ రప్పించి, రేపు మీరంతా నా తోట ముందే వలలు వేయాలని మాట్లాడుకున్నాడు.

మర్నాడు కానియస్ వచ్చేసరికి విందు సిద్ధంగా ఉంది. ఎదురుగా నీళ్ల మీద ఎటు చూసినా పడవలే. జాలర్లు పట్టిన చేపలు పట్టినట్టే తెచ్చి పితియస్ కాళ్ల ముందు గుమ్మరిస్తున్నారు. ఇదేమిటండీ ఇంత సందడి అంటే, ఇందులో వింతేముంది, సిరాక్యూస్‌లో దొరికే చేపంతా ఇక్కడిదే, ఈ తోట లేకపోతే వీళ్లకు రోజు గడవదు అన్నాడు పితియస్. ఇక కానియస్ ఆగలేకపోయాడు. అమ్మమని బతిమాలాడు. పితియస్ ముందు కుదరదన్నాడు, కాసేపు బెట్టు చేశాడు, చివరికి సరే అన్నాడు. అడిగినంత ధర ఇచ్చి, సామానుతో సహా కానియస్ తోట కొనేశాడు. మర్నాడు స్నేహితుల్ని రమ్మని తను ముందుగా వచ్చి చూస్తే నీళ్ల మీద ఒక్క పడవ లేదు. జాలర్లకు ఇవాళ పండగేమైనా ఉందా అని పక్కింటాయన్ని అడిగాడు. నాకు తెలిసి ఏ పండగా లేదు, ఇక్కడెవరూ చేపలు పట్టరు, నిన్న అంతమంది ఎందుకొచ్చారా అని నేనే ఆశ్చర్యపోయాను అన్నాడాయన.

ఈ కథ చెప్పింది రోమన్ రచయిత సిసెరో, కర్తవ్యాల గురించి రాసిన పుస్తకంలో. కానియస్ ఒళ్లు మండిపోయింది, కానీ చేయగలిగింది ఏమీ లేదు. ఇలాంటి మోసం మీద దావా వేయడానికి అప్పటికి రోమన్ చట్టంలో దారి లేదు. క్రీ.పూ. 66లో తనతోపాటు న్యాయాధికారిగా ఉన్న అక్విలియస్ ఆ దారి ఏర్పరిచాడని సిసెరో రాశాడు. మోసమంటే ఏమిటని అడిగితే, ఒకటి నటించి ఇంకొకటి చేయడమని అక్విలియస్ చెప్పేవాడట.

ఇంతవరకూ వింటే ఇది చట్టం కథ. సిసెరో వెంటనే ఇంకో బేరం కూడా చెబుతాడు, నాకు ఇష్టమైనది అదే. స్కెవోలా అని పేరున్న న్యాయకోవిదుడు ఒక పొలం కొనబోయాడు. బేరాలేమీ వద్దు, ఒక్కమాటగా ధర చెప్పమని అమ్మేవాడిని అడిగాడు. వాడు చెప్పాడు. స్కెవోలా ఒక క్షణం ఆలోచించి, నా లెక్కన దీనికి అంతకంటే ఎక్కువ విలువ ఉంది అని, చెప్పిన ధర మీద మరో 1,00,000 సెస్టర్స్‌లు (రోమన్ నాణేలు) కలిపి ఇచ్చాడు. అది మంచివాడు చేసే పనే, కాదనేవాళ్లు లేరు, కానీ తెలివైనవాడు చేసే పని కాదంటారు అని సిసెరో చెప్పి, ఆ తేడా దగ్గరే పట్టుకుంటాడు. మంచితనం ఒకటి, తెలివి ఇంకొకటి అని జనం ఎప్పుడు విడదీశారో అప్పుడే చెడు మొదలైందని ఆయన వాదన. మంచితనంతో పొసగని లాభాన్ని లాభమని పిలవడానికే ఆయన ఒప్పుకోడు.

అదే పుస్తకంలో మిమ్మల్ని కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడుగుతాడు. రోడ్స్ ద్వీపంలో కరువు. తిండిగింజల ధర ఆకాశాన్ని అంటింది. మీరు అలెగ్జాండ్రియా నుంచి ఓడ నిండా గోధుమ తెచ్చారు. దారిలో ఇంకా చాలా ఓడలు గోధుమతో ఇటే వస్తుండగా చూశారు. ఆ సంగతి రోడ్స్ వాళ్లకు చెబుతారా, చెప్పకుండా దొరికిన ధరకు అమ్ముకుంటారా? మీరు దొంగ కాదు, మంచివాళ్లే, అందుకే సందేహం వచ్చింది. ఇద్దరు తత్వవేత్తల మధ్య ఈ వాదన పెడతాడు. గురువు డయోజెనీస్, శిష్యుడు ఆంటిపాటర్, ఇద్దరూ స్టోయిక్ అనే తత్వశాఖవాళ్లే. సరుకులో లోపాలు చట్టం చెప్పమన్నంతవరకు చెప్పాలి, ఆపైన అబద్ధం ఆడకుండా ఉంటే చాలు, తెలిసినదంతా చెప్పాల్సిన పని లేదంటాడు గురువు. మనుషుల మేలు కోసం పుట్టినవాడివి, వాళ్లకు దొరకబోయే తిండి కబురు దాస్తావా అంటాడు శిష్యుడు. సిసెరో శిష్యుడి వైపు తీర్పు ఇచ్చాడు. నేను కూడా అటే. ఊరుకోవడం వేరు, దాచడం వేరు అనే మాట ఎంత చక్కగా చెప్పినా, అవతలివాడు ఆకలితో ఉన్నప్పుడు ఆ రెండింటి మధ్య దూరం చెరిగిపోతుంది.

ఈ పుస్తకం ఎప్పుడు రాశాడో తెలిస్తే ఇంకా బరువుగా ఉంటుంది. క్రీ.పూ. 44 శరదృతువు. ఆ మార్చిలోనే రోమ్‌ను ఏలుతున్న సీజర్‌ను సెనేట్‌లో పొడిచి చంపారు. సిసెరో వయసు అరవై దాటింది. రోమ్‌లో ఉండే ధైర్యం చాలక పల్లెల్లోని తన ఇళ్లలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరుగుతున్నాడు. ఏథెన్స్‌లో చదువుకుంటున్న కొడుకు మార్కస్‌కు ఉత్తరం రాసినట్టుగా, కర్తవ్యాల గురించి మూడు భాగాలు రాశాడు. మరుసటి ఏడాది డిసెంబరులో సీజర్ అనుచరుడైన ఆంటోనీ మనుషులు ఆయన తల నరికారు. ఆ కొడుకు తాగుడుకు పేరుపడ్డాడని తర్వాతి రోమన్లు రాశారు. నాన్న రాసినదంతా అతడు ఎంత మనసుపెట్టి చదివాడో గానీ, యూరప్‌లో అచ్చుయంత్రం వచ్చిన కొద్ది ఏళ్లకే, 1465లో, జర్మనీలోని మైన్స్‌లో అచ్చైన తొలి ప్రాచీన గ్రంథాల్లో ఇదొకటి. ఒక్క కొడుకు కోసం రాసింది తరతరాల కొడుకుల చేతికి వెళ్లింది.

ఇంత చెప్పిన తర్వాత ఒక మాట అనాలి. సిసెరో వకీలు. ఎంత మంచి మాట చెప్పినా కోర్టులో నిలబడి చెబుతున్నట్టే ఉంటుంది. మనం ఎదురుగా కూర్చుని విని, ఔనని తలూపి, ఇంటికి వెళ్లిపోతాం. మనతో పాటు ఇంటికి వచ్చే మనిషి కావాలంటే ఇంకో వంద ఏళ్లు ముందుకు, స్టోయిక్ తత్వవేత్త సెనెకా దగ్గరికి వెళ్లాలి. నేను ఈ కబుర్లు మొదలుపెట్టింది అసలు ఆయన కోసమే.

సెనెకా స్పెయిన్‌లోని కార్డోబాలో పుట్టాడు. రోమ్‌లో పెరిగాడు. క్రీ.శ. 41లో క్లాడియస్ చక్రవర్తి ఆయన్ని కోర్సికా ద్వీపానికి వెళ్లగొట్టాడు, ఎనిమిదేళ్లు అక్కడే. 49లో క్లాడియస్ భార్య అగ్రిప్పీనా వెనక్కి పిలిపించి తన కొడుక్కి చదువు చెప్పమంది. ఆ కొడుకే నీరో. 54లో నీరో చక్రవర్తి అయ్యాక సెనెకా రాజ్యమంతటిలో పెద్ద మనుషుల్లో ఒకడు. 62 నాటికి కొలువు నుంచి మెల్లగా తప్పుకున్నాడు. అక్కడి నుంచి 65లో చనిపోయేవరకు, ఆ చివరి మూడేళ్లలో, లూసీలియస్ అనే స్నేహితుడికి ఉత్తరాలు రాశాడు. మనకు దక్కినవి 124. లూసీలియస్ ఊరు పాంపేయి, ఉద్యోగం సిసిలీలో. వయసులో కాస్త చిన్నవాడు.

ఈ ఉత్తరాల్లో ఒకచోట సెనెకా తన స్థానమేమిటో చెప్పుకుంటాడు. నీకు సలహాలిస్తున్నాను కదా అని నేను వైద్యుణ్ణనుకోకు, మనిద్దరం ఒకే వార్డులో పడుకున్న రోగులం, మనకున్న జబ్బు గురించి మాట్లాడుకుంటున్నాం, నాకు పనిచేసిన మందు నీకు చెబుతున్నాను అంటాడు. 27వ ఉత్తరం ఇది. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. ఆ పైన రాసినవన్నీ పక్క మంచం మీది మాటలుగానే చదువుతాను.

చూడండి, ఆయన ఎక్కడెక్కడి నుంచి ఉత్తరాలు రాస్తాడో. ఒకసారి స్నానశాల పైన అద్దెకు ఉంటున్నాడు. కింద బరువులు ఎత్తేవాళ్ల మూలుగులు, ఊపిరి బుసలు. ఒళ్లు పట్టించుకునేవాడి భుజం మీద అరచేయి చప్పుడు. చేయి చదునుగా పడితే ఒక మోత, గుల్లగా పడితే ఇంకో మోత అట, అంత శ్రద్ధగా విన్నాడు. బంతి ఆడేవాడు పైకి లెక్కపెడతాడు. దొంగ దొరికితే గోల. స్నానంలో తన గొంతు తనకే నచ్చి పాడేవాడొకడు. నీళ్లలోకి దబ్బుమని దూకేవాళ్లు. వెంట్రుకలు పీకేవాడైతే గిరాకీ కోసం సన్నటి గొంతుతో అరుస్తూనే ఉంటాడు. ఎవడి చంకో దొరికినప్పుడు మాత్రమే ఊరుకుంటాడు, అప్పుడు వీడికి బదులు ఆ దొరికినవాడు అరుస్తాడు. సాసేజీలవాడు, రొట్టెలవాడు, మిఠాయివాడు, ఎవడి కేక వాడిదే. ఇదంతా వర్ణించి, ఈ మోతలో కూడా రాసుకుంటున్నాను, మనసులో గొడవ లేకపోతే బయటి గొడవ ఏమీ చేయదు, మనసే ఉడికిపోతుంటే ఊరంతా సద్దుమణిగిన అర్ధరాత్రి కూడా నిద్ర పట్టదు అంటాడు. మంచి మాట. కానీ ఉత్తరం అక్కడ ఆగదు. చివర్లో, నన్ను నేను పరీక్షించుకుందామని ఇక్కడున్నాను, ఇక ఎందుకు ఈ బాధ, త్వరలో మారిపోతాను అంటాడు. గ్రీకు కథలో మాయపాట వినబడకుండా చెవుల్లో మైనం పెట్టించి తన మనుషుల్ని కాపాడుకున్న యులిసిస్‌ను తలుచుకుని మరీ చెబుతాడు. ఓర్చుకోవడం నేర్చుకో, తప్పించుకోగలిగినప్పుడు తప్పించుకో. ఈ రెండూ ఒకే మనిషి ఒకే ఉత్తరంలో చెప్పడం నాకు ఎంతో ఊరట.

ఇంకోసారి స్నేహితుడితో కలిసి ప్రయాణం కట్టాడు. ఒక బండిలో పట్టేంతమంది పనివాళ్లు, ఒంటి మీద ఉన్న బట్టలు, అంతే. పరుపు నేల మీద, తను పరుపు మీద. రెండు అంగీల్లో ఒకటి కింద పరుపు గుడ్డ, ఇంకోటి పైన దుప్పటి. తిండిలో ఎండు అంజూరాలు తప్పనిసరి. రొట్టె దొరికితే నంజుకోవడానికి అవి, దొరకకపోతే అవే రొట్టె. పల్లెటూరి బండి. నడుస్తున్నాయి కాబట్టి బతికున్నాయని తెలియాల్సిన కంచరగాడిదలు. తోలేవాడి కాళ్లకు చెప్పులు లేవు. ఇలా రెండు రోజులు ఎంతో సుఖంగా గడిచాయని రాసి, వెంటనే నిజం చెప్పేస్తాడు. దారిలో దర్జాగా వెళ్లే బండ్లు ఎదురైనప్పుడల్లా, ఈ బండి నాదని వాళ్లు అనుకుంటారేమోనని ముఖం ఎర్రబడుతోంది, అంటే నేను మెచ్చుకునే సంగతులు నాలో ఇంకా వేళ్లూనలేదు, నాసిరకం బండిలో సిగ్గుపడేవాడు ఖరీదైన బండిలో గర్వపడకుండా ఉండలేడు. అరవై దాటిన మనిషి, రాజ్యాలు నడిపిన మనిషి, బండిలో కూర్చుని తన ముఖం ఎర్రబడిన సంగతి గమనించి రాసుకున్నాడు. సుగుణం గురించి నేను చదివిన వ్యాసాల్లో ఆ ఎర్రబడిన ముఖం అంత ఉపయోగపడింది మరేదీ లేదు.

యౌవనంలో సెనెకా ఏడాదిపాటు మాంసం మానేశాడని మీకు తెలుసా? సోషన్ అనే గురువు పైథాగరస్ చెప్పిన పునర్జన్మ సిద్ధాంతం వినిపించాడు. ప్రాణం ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి మారుతుంది, అది నిజమైతే మాంసం మానడం పాపం తప్పించుకోవడం, నిజం కాకపోతే ఖర్చు తగ్గడం, ఎలా చూసినా నష్టం లేదన్నాడు. ఏడాది గడిచేసరికి ఆ తిండి అలవాటై హాయిగా అనిపించింది, మనసు చురుకైనట్టు కూడా తోచిందట. అప్పుడు టైబీరియస్ చక్రవర్తి పాలన మొదటి రోజులు. విదేశీ మతాచారాలను తరిమేస్తున్నారు. ఫలానా మాంసం తినకపోవడం కూడా అనుమానానికి కారణమైంది. నాన్న వచ్చి మానెయ్యమన్నాడు, మానేశాడు. ఆయనకు అసలు తత్వశాస్త్రమే గిట్టదని కూడా కొడుకు రాశాడు.

టైబీరియస్ మనకు మరీ దూరపువాడేమీ కాదండీ. ఆయనవీ, ఆయనకు ముందున్న అగస్టస్‌వీ వెండి నాణేలు నల్గొండ జిల్లా అక్కనపల్లిలో వెయ్యికి పైగా దొరికాయి. మన మిరియాలకూ సన్నబట్టలకూ ముత్యాలకూ అటు నుంచి డబ్బు ఇటు పారిన కాలం అది. ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు భారతదేశానికి తరలిపోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ లెక్క రాశాడు. ఒంటి మీద ఉన్నా లేనట్టుండే పట్టుబట్టల మీద సెనెకా కూడా కోపం చేసుకున్నాడు. సెనెకా తిండి సంగతికి వస్తే, మాంసం తిరిగి మొదలుపెట్టినా, ఇంకో గురువు అట్టలస్ దగ్గర నేర్చుకున్న కొన్ని నియమాలు ముసలితనం దాకా వదల్లేదు. ఆల్చిప్పలు తినలేదు, పుట్టగొడుగులు తినలేదు, అత్తరు పూసుకోలేదు, ఒళ్లు లోపలికి దిగని గట్టి పరుపు మీదే పడుకున్నాడు.

డిసెంబరులో రోమ్‌లో సాటర్నేలియా పండగ. ఊరంతా తిండి, తాగుడు, కేరింతలు. ఆ రోజుల్లోనే లూసీలియస్‌కు ఒక పని చెప్పాడు. అప్పుడప్పుడూ మూడు నాలుగు రోజులు, వీలైతే ఇంకా ఎక్కువ, అన్నిటికంటే చవకైన తిండి కొంచెమే తిను, ముతక బట్ట కట్టు, గట్టి పడక మీద పడుకో, ఆ తర్వాత ఇన్నాళ్లూ నేను భయపడింది దీనికేనా అని నిన్ను నువ్వు అడుగు. యుద్ధం లేని రోజుల్లోనే కదా సైనికులు కందకాలు తవ్వి సాధన చేసేది. మనకు ఉపవాసాలు కొత్త కాదు. అయినా ఇందులో నన్ను పట్టుకున్న మాట వేరే ఉంది. ఇది చేసి గొప్పవాడినయ్యానని అనుకోకు, వేల మంది బానిసలూ పేదలూ రోజూ చేస్తున్నదే నువ్వూ చేశావు, తేడా ఒక్కటే, నిన్నెవరూ బలవంతపెట్టలేదు అన్నాడు. ఒక్కపూట పస్తుండి నలుగురికీ చెప్పుకునే మనసు మీద ఇంతకంటే మంచి మందు నేనెరుగను.

ఊరి బయట తను కట్టించుకున్న ఇంటికి వెళ్లినప్పటి సంగతి 12వ ఉత్తరంలో ఉంది. ఇల్లు పాడైపోతోందని మేనేజరు మీద విసుక్కున్నాడు. నా తప్పేం లేదండీ, ఇల్లు పాతదైపోయింది అన్నాడతను. తన చేతుల మీద పైకి లేచిన ఇల్లది. చెట్లకు నీళ్లు పోయడం లేదా, ఆకులే లేవు అన్నాడు. చేయాల్సిందంతా చేస్తున్నాను, ముసలి చెట్లు అన్నాడు. ఆ చెట్లు నాటింది సెనెకాయే. చివరికి గుమ్మం దగ్గర ఒక పండు ముసలిని చూసి ఇతనెవరు అని అడిగితే, నన్ను గుర్తుపట్టలేదా బాబూ, నేను ఫెలీసియోని, చిన్నప్పుడు నాకు బొమ్మలు తెచ్చిచ్చేవారు కదా అన్నాడు ఆ ముసలి బానిస. చిన్ననాటి చెలిమికాడు. ఆ దెబ్బతో సెనెకాకు తన వయసు తెలిసొచ్చింది. తర్వాత ముసలితనంలో ఉన్న తీపి గురించి అందంగా రాశాడు గానీ, ఆ గుమ్మం దగ్గర ఫెలీసియో మాటే నా చెవిలో ఉండిపోయింది. ఇద్దరూ కలిసి ఆడుకున్నారు, ఇద్దరూ ముసలివాళ్లయ్యారు, ఒకడు మాత్రం ఇంకా బానిసే.

బానిసల గురించి సెనెకా 47వ ఉత్తరం రాశాడు. యజమాని పొట్ట పగిలేలా తింటుంటే చుట్టూ నోరెత్తకుండా రాత్రంతా నిలబడ్డవాళ్లు, దగ్గు వచ్చినా తుమ్ము వచ్చినా పడే దెబ్బలు, అన్నీ కళ్లకు కట్టాడు. వాళ్లూ మనుషులే, మీతో కూర్చోబెట్టుకుని తినండి, మీ పైవాడు మీతో ఎలా ఉండాలని మీరు కోరుకుంటారో మీ కిందివాడితో అలా ఉండండి అన్నాడు. ఆ కాలానికి అది చాలా పెద్ద మాట. కానీ బానిసత్వమే వద్దని ఆయన అనలేదు. తన బానిసల్నందరినీ విడిచిపెట్టనూ లేదు. ఇది చెప్పకుండా ఆయన్ని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇక ఆయన చిన్నప్పటి నుంచీ రోగిష్టి మనిషి. ఉబ్బసం. ఊపిరి ఆగిపోయే ఆ కాసేపటిని వైద్యులు చావుకు సాధన అని పిలిచేవారట. యౌవనంలో జబ్బుతో బక్కచిక్కిపోయి, ఇక బతకడం ఎందుకు అనుకున్న రోజులున్నాయి. ముసలి నాన్న గుర్తొచ్చాడు. చావడానికి నాకు ధైర్యం ఉంది, నేను లేకపోతే ఓర్చుకునే ధైర్యం ఆయనకు లేదు అనుకుని, బతకమని తనకు తనే ఆజ్ఞ ఇచ్చుకున్నాడు. కొన్నిసార్లు బతికుండటమే ధైర్యం అంటాడు. మంచం పక్కన కూర్చుని మాట్లాడిన స్నేహితులు తను కోలుకోవడానికి ఎంతో సాయపడ్డారని కూడా, ఈ సంగతి ఉన్న 78వ ఉత్తరంలోనే రాశాడు. తత్వశాస్త్రం గిట్టదన్న ఆ నాన్నే ఈ తత్వవేత్తను బతికించాడు. ముసలితనంలో, 104వ ఉత్తరంలో, నా ఆరోగ్యం గురించి నా భార్య పౌలీనా బెంగ పెట్టుకుంది, ఆమె కోసం నన్ను నేను జాగ్రత్తగా చూసుకోవాలి అంటాడు. స్టోయిక్కులంటే రాతిగుండె మనుషులనుకునేవాళ్లు ఈ రెండు ఉత్తరాలూ చదవాలి.

కోపం గురించి ఆయన రాసిన పుస్తకంలో ఒక రాత్రి అలవాటు ఉంది. నాకు అన్నిటికంటే విలువైనది అది. సెక్స్టియస్ అనే పెద్దాయన అలవాటును తను తీసుకున్నాడు. దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మాట్లాడటం ఆపేశాక, ఆ రోజంతా ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ చూస్తాడు. ఏమీ దాచుకోడు. ఏమేం చూస్తాడో వినండి. ఆ వాదనలో మరీ రెచ్చిపోయి మాట్లాడావు. ఫలానావాడిని అంత గట్టిగా మందలించావు, వాడు మారలేదు సరికదా నొచ్చుకున్నాడు. ఎవరో పెద్దవాడి గుమ్మంలో కాపలావాడు నీ స్నేహితుణ్ణి చులకన చేశాడని నువ్వూ కోపం తెచ్చుకున్నావు. విందులో తక్కువ చోట కూర్చోబెట్టారని ముఖం మాడ్చుకున్నావు. అన్నీ ఇలాంటివే. చూసి, ఇకమీదట చేయకు, ఈసారికి క్షమించాను అని తనకు తను చెప్పుకుంటాడు. ఆ తర్వాత పట్టే నిద్ర ఎంత గాఢంగా ఉంటుందో కూడా చెప్పాడు. దేవుడికి చెప్పుకోవడం కాదు, శిక్ష వేసుకోవడం కాదు. రోజు మీద దుప్పటి కప్పే ముందు దాన్ని ఒకసారి పూర్తిగా చూడటం. పెద్ద తప్పులు చేసేవాళ్లం మనలో తక్కువ. కాపలావాడి మీద, కుర్చీ మీద, మాట మీద కోపగించుకునేవాళ్లమే అందరం. అందుకే ఈ లెక్క మనకు సరిపోతుంది.

అయితే సెనెకా పెద్ద తప్పు కూడా చేశాడు. 59లో నీరో కన్నతల్లి అగ్రిప్పీనాను చంపించాడు. ఆ హత్యను సమర్థిస్తూ సెనేట్‌కు వెళ్లిన ఉత్తరం రాసింది సెనెకాయేనని జనం తప్పుపట్టారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. కోర్సికా నుంచి తనను వెనక్కి పిలిపించిన మనిషి ఆమె. నాలుగేళ్ల కొలువులో 30 కోట్ల సెస్టర్స్‌లు ఏ తత్వశాస్త్రంతో సంపాదించాడని 58లోనే ఒకాయన బహిరంగంగా అడిగాడు. ఆ డబ్బు గురించి అన్న గల్లియోను ఉద్దేశించి ఒక పుస్తకంలో సమాధానం చెప్పుకున్నాడు. ఈ గల్లియో బైబిల్ చదివేవాళ్లకు తెలిసినవాడే, అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో పౌలు మీద ఫిర్యాదు వినడానికి నిరాకరించిన అధికారి. నేను సుగుణం గురించి మాట్లాడుతున్నాను, నా గురించి కాదు, చెడుగుణాలను తిట్టేటప్పుడు ముందు నావే తిడతాను అన్నాడు సెనెకా. డబ్బు విషయంలో ఆ జవాబు నాకు కొంతవరకు సరిపోతుంది. అగ్రిప్పీనా విషయంలో సరిపోదు. ఆ ఉత్తరం రాసిన రాత్రి దీపం తీసేశాక తనతో తను ఏం చెప్పుకున్నాడో ఎక్కడా లేదు. లూసీలియస్‌కు రాసిన ఉత్తరాల్లో నీరో కొలువులో తను చేసిన పనుల ఊసే ఎత్తలేదు.

మరి ఇలాంటివాడి మాట ఎందుకు వినాలి? నేను దీని గురించి చాలా ఆలోచించాను. వార్డులో పక్క మంచం మీద ఉన్నవాడు మనకంటే జబ్బు మనిషి కావచ్చు. జబ్బు లోతు తెలిసినవాడు చెప్పే మందుకు ఒక విలువ ఉంది. ఆ మందు తను వేళకు మింగలేదన్నంత మాత్రాన మందు చెడ్డది కాదు, అతడి నేరం చిన్నదీ కాదు. రెండూ అలాగే ఉంచి చదవగలిగితేనే ఈ ఉత్తరాలు చదవాలి. నేరాన్ని కడిగేసి మహాత్ముణ్ణి చేసినా, నేరం చూపించి పుస్తకం మూసేసినా మనకే నష్టం.

సెనెకా చివరి రోజులు టాసిటస్ వివరంగా రాశాడు. 62లో సెనెకా తన ఆస్తంతా వెనక్కి తీసుకోమని నీరోను అడిగాడు, నీరో తీసుకోలేదు. 64 తర్వాత జబ్బు వంకతో గది దాటలేదు. విషం పెడతారేమోనని అడవి పళ్లతో, పారే నీళ్లతో గడిపాడు. పండగ రోజుల్లో చేసిన ఆ సాధన అక్కరకొచ్చింది. 65లో చక్రవర్తి మీద కుట్ర బయటపడి, చావమని ఆజ్ఞ వచ్చింది. వీలునామా రాసుకోవడానికి పలకలు అడిగితే ఇవ్వలేదు. చుట్టూ ఏడుస్తున్న స్నేహితులకు, ఇన్నేళ్లు చదివిన చదువు ఎక్కడికి పోయిందని ధైర్యం చెప్పాడు. నరాలు కోసుకున్నా ప్రాణం తొందరగా పోలేదు, ముసలి ఒళ్లు, నెత్తురు సన్నగా పారింది. పౌలీనా కూడా ఆయనతో పాటు కోసుకుంది. ఆమెను బతికించమని నీరో చెప్పాడు, బతికించారు. ఆ తర్వాత కొన్నేళ్లున్నా ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదట.

ఇవన్నీ విని సెనెకాను చదవాలనిపిస్తే 124 ఉత్తరాలూ వరసగా పట్టుకోకండి. స్నానశాల ఉత్తరంతో, అంటే 56తో మొదలుపెట్టండి. తర్వాత 12, తర్వాత కంచరగాడిదల బండి ఉన్న 87. ఇంట్లో ఎవరైనా మంచాన పడి ఉంటే 78 ముందు చదవండి. మధ్యలో తర్కం మరీ చిక్కబడ్డ ఉత్తరాలు వస్తే దాటేయండి. రోజుకు ఒకటి చాలు. చదివినదాంట్లోంచి ఆ రోజుకు ఒక్క ఆలోచన ఏరుకుని దాన్నే అరిగించుకోమని రెండో ఉత్తరంలో లూసీలియస్‌కు ఆయన చెప్పిన పద్ధతి కూడా అదే. పండగ రోజుల సాధన ఉన్న 18వ ఉత్తరం మాత్రం ఊరికే చదవొద్దు. ముందు ఏ మూడు రోజులో అనుకుని, ఇంట్లోవాళ్లకు చెప్పి, అప్పుడు తెరవండి.